క్రిస్మస్ గిరాకీ, జనవరి ఖాతా

2025లో ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబర్ 30న వచ్చింది. క్రిస్మస్ డిసెంబర్ 25, గురువారం. ఈ రెండు తేదీల మధ్య ఉన్న ఇరవై ఐదు రోజుల్లో మన సంఘాలు క్యారల్స్‌కు, సెమీ క్రిస్మస్‌కు, ప్రేమ విందుకు సిద్ధపడతాయి. అదే ఇరవై ఐదు రోజుల్లో మన మధ్య ఉన్న బట్టల కొట్టు సహోదరుడు, టైలరింగ్ చేసే సహోదరి, కిరాణం నడిపే కుటుంబం, ఇంట్లోనే కేకులు చేసి అమ్మే యువతి తమ ఏడాది లెక్కను సరిచేసుకోవాలని చూస్తారు. మొదటి సిద్ధపాటు గురించి వేదిక మీద చాలా మాట్లాడతాం. రెండో సిద్ధపాటు గురించి దాదాపు మాట్లాడం. ఈ వారం సంపాదకీయాన్ని ఆ రెండో దానికే కేటాయిస్తున్నాం.

మా దృష్టిలో ఉన్నది హైదరాబాద్ మాల్ కాదు, ఉట్నూర్ అంగడి. ఐటీడీఏ కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి చుట్టుపక్కల గూడేలు, తండాలు, పల్లెల వాళ్లంతా ఏదో ఒక పని మీద ఇక్కడికి వస్తారు. కొనేవారిలో గోండులు, కోలాములు, లంబాడాలు, దళితులు, ముస్లింలు, ఉద్యోగస్తులు అందరూ ఉన్నారు. ఇక్కడ క్రైస్తవుల సంఖ్య తక్కువే. అయినా డిసెంబర్‌లో నక్షత్రాలు, కేకులు, కొత్త బట్టలు అమ్మే దుకాణాలు ఏటా కనబడుతూనే ఉన్నాయి. అమ్మేవారిలో చాలామంది క్రైస్తవులు కారు. క్రిస్మస్ వ్యాపారం మనదొక్కరిదే అనుకోవడం పొరపాటు. అది ఊరందరిదీ.

వ్యాపారం పాపమా?

మొదట ఒక సందేహాన్ని పక్కన పెట్టాలి. క్రిస్మస్‌ను వ్యాపారం చేస్తున్నారని ప్రతి డిసెంబర్‌లో కొందరు సేవకులు గద్దిస్తారు. గద్దింపులో సత్యం ఉంది. అయితే కొత్త బట్ట కట్టుకుని ఆరాధనకు వచ్చిన వారికి ఆ బట్ట ఎవరో నేశారు, ఎవరో అమ్మారు, ఎవరో కుట్టారు. వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే. ఫిలిప్పీలో వాక్యానికి హృదయం తెరిచిన లూదియ ఊదారంగు పొడి అమ్మే స్త్రీ (అపొస్తలుల కార్యములు 16). సామెతలు 31లోని గుణవతి తాను నేసిన వస్త్రాలను వర్తకులకు అమ్ముతుంది. లేఖనం వారిని వ్యాపారం మానమనలేదు.

లేఖనం మందలించిన వ్యాపారం వేరే ఉంది. ఆమోసు 8వ అధ్యాయంలోని వర్తకులు విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, ఎప్పుడు తూము చిన్నది చేసి రూపాయి పెద్దది చేసి అమ్ముదామా అని ఎదురు చూస్తారు. ఎఫెసులో దేమేత్రియ అనే కంసాలి, పనివారి జీవనం పోతుందని జనాన్ని రెచ్చగొట్టాడు (అపొస్తలుల కార్యములు 19). ఒకచోట కొలత మోసం, మరోచోట భక్తిని పట్టుకుని వేలాడే లాభం. మన పండుగ వ్యాపారాన్ని ఈ రెండు అద్దాల్లో చూసుకోవాలి. దానితో పాటు లూకా 14లో గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ప్రభువు మాటను కూడా గుర్తు చేసుకోవాలి. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

ఇక్కడి పండుగ పత్తితో నడుస్తుంది

పట్టణాల్లో క్రిస్మస్ అమ్మకాలు జీతాలు, బోనసుల మీద నడుస్తాయి. ఉట్నూర్ ఏజెన్సీలో అవి పత్తి మీద నడుస్తాయి. ఈ సంగతి తెలియని వ్యాపార ప్రణాళిక ఎంత అందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు.

2025లో పత్తి పరిస్థితి అందరికీ తెలిసిందే. 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710. కాగితం మీద మంచి ధర. కానీ ఆగస్టు వానలు, అక్టోబర్ చివర మొంథా తుపాను తెచ్చిన వానలు కలిసి చేలల్లో పత్తిని తడిపాయి. తేమ 8 శాతం వరకు ఉంటేనే సీసీఐ పూర్తి ధర ఇస్తుంది. ఆపైన శాతానికి ఇంత చొప్పున కోస్తుంది. 12 శాతం దాటితే కొననే కొనదు. 2025–26లో కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, స్లాట్ తీసుకుని వెళ్లాల్సి వచ్చింది. స్మార్ట్‌ఫోన్ లేని రైతు, సిగ్నల్ అందని గూడెం, పేరు మీద పట్టా లేని కౌలుదారు ఎక్కడికి వెళ్తారు? దళారి దగ్గరికే వెళ్తారు. అక్కడ ధర వేరు. దీనికి తోడు విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం 2025 డిసెంబర్ 31 వరకు ఎత్తివేసింది. బయటి మార్కెట్లో ధర లేవకపోవడానికి అదీ ఒక కారణమని రైతు సంఘాలు అన్నాయి.

ఈ సంగతులు వ్యవసాయ పేజీలో ఉండాల్సినవి కదా, క్రిస్మస్ వ్యాపారానికి వీటితో ఏం పని అని అడగవచ్చు. బట్టల కొట్టు సహోదరుడికి ఇదే అసలు వార్త. సీసీఐకి అమ్మిన రైతుకు డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, అదీ కొన్ని రోజులు ఆగి. పత్తి ఏరే కూలికి కిలో లెక్కన, చాలాచోట్ల అంగడి నాటికి, చేతికి వస్తుంది. ఐటీడీఏ ఉద్యోగికి, టీచరుకు నెల మొదట్లో జీతం పడుతుంది. ఒకే ఊళ్లో మూడు రకాల చేతుల్లోకి మూడు వేర్వేరు సమయాల్లో డబ్బు వస్తుంది.

అందుకే మా సలహా ఇది. ఖరీదైన చీరలు, ప్యాంటు షర్టులు, గిఫ్టులు డిసెంబర్ మొదటి వారంలో ముందు వరుసలో ఉండాలి, అప్పుడు కొనేది జీతం ఉన్నవారు. నక్షత్రాలు, రంగు కాగితాలు, కొవ్వొత్తులు, సీరియల్ లైట్లు, పిల్లల ఆటవస్తువులు ప్రతి అంగడి రోజుకూ కొంచెం కొంచెంగా తీయాలి, అప్పుడు కొనేది వారం కూలి ఉన్నవారు. రైతు కుటుంబాలు పిల్లలందరికీ కలిపి బట్టలు కొనేది డిసెంబర్ మూడో వారంలోనే. ఆ వారానికి అన్ని కొలతల్లో పిల్లల బట్టలు మిగిలి ఉండాలి. చాలా దుకాణాల్లో సరిగ్గా అప్పుడే పెద్ద కొలతలు, నచ్చని రంగులు మాత్రం మిగిలి ఉంటాయి. కొనేవాళ్లు ఆదిలాబాద్ బస్సెక్కుతారు, లేదా కొడుకు ఫోనులో మీషో తెరుస్తాడు.

2025లో ఇంకో అడ్డు కూడా వచ్చింది. గ్రామ పంచాయతీ ఎన్నికలు డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. పోలింగ్ రోజున పల్లె కదలదు. 14వ తేదీ ఆగమన కాలపు మూడో ఆదివారం. అలాంటి రోజు చుట్టూ పెద్ద అమ్మకం పెట్టుకున్నవారు తేదీ మార్చుకోవడం మంచిది. ఎన్నికలంటే తనిఖీల కాలం కాబట్టి సరుకు, నగదు తీసుకెళ్లేటప్పుడు బిల్లులు దగ్గర ఉంచుకోండి.

మిత్తికి తెచ్చిన సరుకు

ఇక లెక్కకు వద్దాం. ఒక ఉదాహరణ చూడండి. ఒక సహోదరుడు అక్టోబర్ మొదట్లో నూటికి మూడు రూపాయల మిత్తికి 50,000 తెచ్చి, క్రిస్మస్ సరుకంతా ఒకేసారి కొన్నాడనుకుందాం. కొన్న ధర మీద 20 శాతం వేసుకుని అమ్మితే, సరుకంతా అమ్ముడైనప్పుడు వచ్చేది 60,000. లాభం 10,000. కానీ నెలకు 1,500 చొప్పున జనవరి చివరి దాకా నాలుగు నెలల మిత్తి 6,000. మిగిలేది 4,000. అందులోనే కిరాయి, బండి ఖర్చు, కరెంటు.

ఇప్పుడు అమ్మకంలో నాలుగో వంతు ఉద్దెర పోయిందనుకోండి. అంటే 15,000 ఖాతా పుస్తకంలో ఉంది, చేతిలో ఉన్నది 45,000. తెచ్చిన అసలు 50,000. పుస్తకం చూస్తే లాభం, గల్లా పెట్టె చూస్తే అసలుకే లోటు. క్రిస్మస్‌కు బాగా అమ్ముడైందని అందరూ అనుకునే దుకాణం జనవరిలో మళ్లీ అప్పుకు వెళ్లడానికి కారణం ఇదే.

అదే సహోదరుడు రెండు దఫాలుగా కొంటే? నవంబర్ చివర 20,000 సరుకు తెచ్చి రెండు నెలలు మిత్తి కడితే 1,200. ఏది పోతోందో చూసి డిసెంబర్ రెండో వారంలో 30,000 తెచ్చి నెల మిత్తి కడితే 900. మొత్తం 2,100. ఆరు వేలకూ రెండు వేల నూటికీ మధ్య తేడా ఒక ఇంటికి నెల సరుకులు. పైగా మొదటి దఫాలో ఏ రంగు, ఏ కొలత పోయిందో తెలిసి రెండో దఫా కొంటాడు కాబట్టి మిగులు తగ్గుతుంది.

మిగిలిన సరుకు గురించి కూడా ముందే ఆలోచించాలి. ‘హ్యాపీ క్రిస్మస్’ అని అచ్చు వేసినది డిసెంబర్ 26న ఎవరూ ముట్టుకోరు. మామూలు బట్ట, చెప్పులు, దుప్పటి, స్టీలు సామాను అయితే కొత్త సంవత్సరానికి, సంక్రాంతికి, ఆ తర్వాత జాతరకు పనికి వస్తుంది. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు మొదలవుతుంది, 2026లో అది జనవరి 18న. ఆ రోజుల్లో ఇంద్రవెల్లి దారంతా జనమే. క్రిస్మస్ కోసం తెచ్చే పది రూపాయల సరుకులో పండుగకే పరిమితమైనది రెండు రూపాయలకు మించకుండా చూసుకుంటే, జనవరి అంత భయపెట్టదు.

జీఎస్టీ మార్పును కూడా వాడుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కేకులు, బిస్కట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. వెయ్యి దాటి 2,500 రూపాయల దాకా ఉన్న బట్టల మీద 12 నుంచి 5కు, అదే ధరల చెప్పుల మీద 18 నుంచి 5కు వచ్చింది. తగ్గిన పన్ను కొనేవారికి దక్కాలి. పాత ధర మీద కొత్త స్టిక్కర్ వేసి, పన్ను తగ్గిన మొత్తాన్నే ‘క్రిస్మస్ డిస్కౌంట్’ అని అమ్మేవారున్నారు. ముందు ధర పెంచి తర్వాత కొట్టివేసి చూపడం కూడా అంతే. తప్పుదారి పట్టించే ప్రకటనలను 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిషేధించింది. విశ్వాసికి ఆ చట్టం కంటే ముందే సామెతలు 11లో దొంగత్రాసు మాట ఉంది. ఆ త్రాసు ఇప్పుడు ధర చీటీ మీద ఉంటుంది.

ఈ నేలలో ఉద్దెరకు చరిత్ర ఉంది

ఉద్దెర గురించి ఇంకొక మాట చెప్పాలి. మిగతా జిల్లాల్లో ఉద్దెర వ్యాపారుల అలవాటు మాత్రమే కావచ్చు. ఉట్నూర్ చుట్టుపక్కల అది భూమి చరిత్ర. నిజాం కాలంలో బయటి నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారుల ఖాతా పుస్తకాల్లో చేరిన అప్పు, కాలక్రమంలో గోండుల, కోలాముల భూములను మింగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం విడిచింది అడవి మీద, భూమి మీద హక్కు కోసమే. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం కోరగా వచ్చి మార్లవాయిలో ఉండి అధ్యయనం చేసిన హైమెన్‌డార్ఫ్ ఈ అప్పుల సంగతిని వివరంగా రాశాడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరచిన 1970 సవరణ, షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారం మీద 1960 నాటి నిబంధన – ఇవన్నీ ఆ అనుభవం నుంచి పుట్టినవే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తూటాలు పేలిన రోజు కూడా ఆ కథలో భాగమే.

కాబట్టి పత్తి చేతికి రాకముందే “తీసుకుపో, పత్తి అమ్మినాక ఇద్దువు” అని ఒక అమాయకుడి చేతిలో రెండు వేల చీర పెట్టేటప్పుడు, అమ్మే విశ్వాసి ఒక్కసారి ఆగాలి. అది ప్రేమతో చేసే మేలు కావచ్చు. వచ్చే పంటను ముందే కట్టివేయడం కూడా కావచ్చు. తేడా ఎక్కడుంది? ధర నగదుకూ ఉద్దెరకూ ఒకటేనా, మొత్తం ఇంత అని కాగితం మీద రాసి ఇచ్చామా, పత్తి మాకే అమ్మాలనే షరతు ఉందా – ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులో ఉంది. ఉద్దెర పూర్తిగా మానమని మేము అనడం లేదు, చిన్న దుకాణం అలా బతకలేదు. ఇంటికి ఒక పరిమితి పెట్టుకోండి. పాత బాకీ తీరకుండా కొత్తది రాయకండి. ఆ పరిమితి దుకాణాన్ని కాపాడుతుంది, ఆ ఇంటినీ కాపాడుతుంది.

అప్పు తెచ్చి పండుగ చేయడంలో సంఘం పాత్ర కూడా ఉంది. స్త్రీలందరూ ఒకే రంగు చీర, యౌవనస్థులందరూ ఒకే షర్టు అని నిర్ణయించే ముందు, కొనలేని ఇల్లు ఏదో పెద్దలకు తెలిసే ఉంటుంది. తలకు ఇంత అని చందా వేసేటప్పుడు కూడా తెలిసే ఉంటుంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ అప్పుల ఒత్తిడికి ప్రాణాలు పోయి, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. వారం వారం కట్టే కిస్తీ ఒక తల్లిని ఎంత నలుపుతుందో అప్పుడు చూశాం. మన సంఘం పెట్టిన యూనిఫారం కోసం మరో కిస్తీ మొదలైతే, ఆ పాట ఎంత బాగా పాడినా ఏం లాభం?

పెద్ద కొనుగోలుదారు సంఘమే

ఇప్పటి వరకు అమ్మేవారితో మాట్లాడాం. ఇప్పుడు సంఘ పెద్దలతో. చిన్న ఊళ్లో డిసెంబర్‌లో అతి పెద్ద కొనుగోలుదారు ఎవరు? చాలాసార్లు సంఘమే. కేకులు, ప్రేమ విందుకు బియ్యం, మాంసం, సండే స్కూల్ బహుమతులు, విధవరాండ్రకు చీరలు, క్యాలెండర్లు, లైటింగ్, సౌండ్. ఈ కొనుగోలులో ఎక్కువ భాగం చివరి వారంలో, ఆదిలాబాద్‌లోనో మంచిర్యాలలోనో, ఒక్క కారు ప్రయాణంలో అయిపోతుంది. ఆ సొమ్ములో సంఘంలోని టైలరుకు గానీ కేకులు చేసే సహోదరికి గానీ పైసా దక్కదు.

మెదక్ కేథడ్రల్‌ను గుర్తు చేసుకుందాం. కరువు కాలంలో చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి అన్నం పెట్టాడు, ఆ పనిలో లేచిందే ఆ ఆలయం. 1924 డిసెంబర్ 25న, అంటే క్రిస్మస్ నాడే, దాన్ని ప్రతిష్ఠించారు. 2024లో దానికి నూరేళ్లు నిండాయి. ఆ రాళ్ల అందం గురించి మాట్లాడినంతగా ఆ కూలి గురించి మాట్లాడం. దానం తీసుకున్న చేయి, పని చేసి కూలి తీసుకున్న చేయి ఒకేలా ఇంటికి వెళ్లవు.

ప్రభుత్వానికి కూడా ఈ పాఠం తెలుసు. బతుకమ్మ చీరల ఆర్డరును 2017 నుంచి సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చినప్పుడు, పంచిన చీర ఒక ఇంటికి, నేసిన కూలి మరో ఇంటికి చేరాయి. పంపిణీలో లోపాలు, బకాయిల గొడవలు ఉన్నాయి. ఆలోచన మాత్రం సరైనదే. తెలంగాణ ఏర్పడ్డాక పేద క్రైస్తవులకు క్రిస్మస్ బట్టలు పంచడం ప్రభుత్వం మొదలుపెట్టింది. సంఘం తన చీరలు తానే కొనేటప్పుడు ఎవరి మగ్గం, ఎవరి మిషను అని ఎందుకు అడగకూడదు?

మన చుట్టూ ఉన్నది చూడండి. ఉట్నూర్‌లోని భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం స్త్రీలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. ఆదిలాబాద్ ఆడపడుచుల ఇప్పపువ్వు వంటకాలను 2025 మార్చిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. క్యారల్స్‌కు వచ్చిన పిల్లలకు చాక్లెట్ బదులు ఆ లడ్డూ ఇస్తే తప్పేముంది? జైనూరు మండలం ఉషేగాంలో ఓజా కళాకారులు పోత పోసే డోక్రా వస్తువులకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ల చేతి గంట, దీపం ఏ ఆలయానికైనా శోభే. నిర్మల్ కొయ్యబొమ్మలకు 2009లోనే ఆ గుర్తింపు ఉంది. పశువుల పాక కట్టేటప్పుడు ప్లాస్టిక్ గొర్రెలే ఎందుకు?

క్రిస్మస్ కేకు కథ కూడా ఇదే చెబుతుంది. 1883లో కేరళలోని తలశ్శేరిలో మర్డాక్ బ్రౌన్ అనే ఆంగ్లేయ తోటల యజమాని, ఇంగ్లండ్ నుంచి తెచ్చిన కేకు ముక్క చూపించి అలాంటిది చేయగలవా అని మాంబళ్లి బాపు అనే బేకరీ యజమానిని అడిగాడట. బాపు ఊరి కమ్మరి చేత అచ్చు చేయించి, దగ్గరి సరుకుతోనే కేకు చేశాడు. బ్రౌన్ మెచ్చి డజను ఆర్డర్ ఇచ్చాడని చెప్పుకుంటారు. మన దేశంలో క్రిస్మస్ కేకు అలా మొదలైందని చెబుతారు. అక్కడ ముఖ్యమైనవి రెండే: ఒక కొనుగోలుదారు ముందుగా వచ్చి అడిగాడు, ఒక చిన్న వ్యాపారి చేసి చూపాడు.

ముందుగా అడగడం – సంఘం చేయగలిగిన అతి పెద్ద మేలు అదే. వంద కేకులు కావాలని డిసెంబర్ 22న చెబితే ఇంట్లో చేసే సహోదరి చేయలేదు. నవంబర్ 30న చెప్పి సగం సొమ్ము అడ్వాన్సు ఇస్తే, మిత్తికి వెళ్లకుండా మైదా, చక్కెర, గుడ్లు కొనుక్కుంటుంది. ఆహారం అమ్మేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు అవసరం, అది చేయించుకోవడానికి యౌవనస్థులు సాయపడవచ్చు. టైలరు డిసెంబర్ 15 తర్వాత కొత్త బట్ట తీసుకోనని బోర్డు పెట్టుకోవాలి, సంఘం ఆ బోర్డును గౌరవించాలి. చివరి రాత్రి దాకా కళ్లు చించుకుని కుట్టి, తానే ఆరాధనకు రాలేకపోయిన టైలర్లు మనలో ఉన్నారు. పని చేసినవారి కూలి ఆ పొద్దుకే ఇవ్వాలన్న ద్వితీయోపదేశకాండము 24 ఆజ్ఞ సౌండ్ సిస్టం కుర్రాడికి, వంట మనిషికి, టెంటు వేసినవాడికి కూడా వర్తిస్తుంది. సంఘం బాకీ పడిన కొట్టు ముందు నుంచి క్యారల్స్ పాడుకుంటూ వెళ్లడం సాక్ష్యం కాదు.

వేదిక మీద బోర్డు వద్దు

రెండు హెచ్చరికలు కూడా చెప్పాలి. ఒకటి, వేదిక మీద నుంచి ఎవరి దుకాణం పేరూ ప్రకటించవద్దు. ఒకరిది చెబితే పది మందికి బాధ, పైగా ఆరాధనకు వచ్చినవారు గిరాకీగా మారిపోతారు. ఆలయంలో బల్లలు పడదోసిన ప్రభువును మరచిపోకూడదు. సంఘంలోని చిన్న వ్యాపారులందరికీ కలిపి ఒక శనివారం సాయంత్రం, ఆలయం బయట, సమానమైన చోటు ఇవ్వండి. అంగడికి అలవాటు పడ్డ ఊరు కాబట్టి కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. అన్య మతస్థుల దుకాణాలు వద్దని మాత్రం ఎవరూ అనవద్దు. 2024 సెప్టెంబర్‌లో జైనూరులో ఒక ఆదివాసీ స్త్రీ మీద జరిగిన దాడి తర్వాత ఆగ్రహం కట్టలు తెంచుకుని దుకాణాలు తగలబడ్డాయి. ఆమెకు న్యాయం కావాల్సిందే. కానీ నేరం చేయని వారి కొట్లు కూడా బూడిదయ్యాయి. ఒకరి దగ్గర ఒకరు కొనుక్కునే ఊళ్లో శాంతి ఎంత పెళుసైనదో అప్పుడు చూశాం. క్రిస్మస్‌కు బట్ట కొనడం కూడా ఆ శాంతిని నిలిపే చిన్న పనే.

రెండు, ఎన్నికల డిసెంబర్ సంగతి. సర్పంచి అభ్యర్థులు క్రిస్మస్ స్టారు, సౌండ్ బాక్సులు, చీరలు, కేకులు ఇస్తామని రావచ్చు. సంఘానికి ఖర్చు తగ్గుతుందని కొందరు సంతోషపడతారు. దయచేసి తీసుకోకండి. అలా వచ్చిన వంద చీరలు మన సంఘ సాక్ష్యాన్ని కొంటాయి, అదే సమయంలో మన ఊరి బట్టల కొట్టు వంద చీరల అమ్మకాన్ని పోగొడతాయి. ఓటు వేసేవారు వేస్తారు. సంఘంగా మాత్రం మన పండుగను మన కానుకలతోనే, అవి ఎంత చిన్నవైనా, చేసుకుందాం.

ఈ ఆదివారం ఆరాధన తర్వాత సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యౌవనస్థులు కలిసి అరగంట కూర్చోవాలని కోరుతున్నాం. ఏమేమి కొంటాం, ఎవరి దగ్గర కొంటాం, అడ్వాన్సు ఎంత, మిగతా సొమ్ము ఏ తేదీన ఇస్తాం – నాలుగు గీతలు గీసి రాసుకుంటే చాలు. వచ్చే ఏడాదికి మరొకటి చేయవచ్చు. జూలై నుంచి స్త్రీల సమాజంలో వారానికి యాభై రూపాయల క్రిస్మస్ పొదుపు మొదలుపెడితే, ఇరవై నాలుగు వారాల్లో ఒక్కొక్క ఇంటికి 1,200 రూపాయలు చేతిలో ఉంటాయి. పిల్లల బట్టలకు ఉద్దెర అడగాల్సిన అవసరం ఉండదు. అమ్మేవారికి నగదు వస్తుంది, కొనేవారికి బాకీ ఉండదు.

జనవరిలో ఖాతా పుస్తకం తెరిచినప్పుడు సంఘం పేరు మీద గానీ, సంఘం వల్ల అప్పుపడిన పేద ఇంటి పేరు మీద గానీ బాకీ లేకుండా ఉండాలని మా కోరిక. దరిద్రుడిగా పుట్టి, వడ్రంగి పనిలో పెరిగిన మన ప్రభువు, ఈ ఆగమన కాలంలో మీ చేతి పనిని, మీ త్రాసును, మీ ఇంటిని ఆశీర్వదించును గాక.